మొరం దిబ్బ ఆర్కిడ్

టిష్యూ కల్చర్ ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు సూర్యాపేటలో మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే అడిగేది ఒకటే. ఆ నేల ఆర్కిడ్‌కు మీరు వాడిన మీడియం ఏమిటి సార్, చక్కెర ఎంత, కొబ్బరి నీళ్లు ఎంత? చెబుతాను. రాసుకుంటారు, చాయ్ తాగుతారు, వెళ్లిపోతారు. వాళ్లు గేటు దాటేసరికి నాకు ఒళ్లు మండుతూ ఉంటుంది. చక్కెర ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. ఆ మొక్కను సీసాలో మొలిపించిన తర్వాత కూడా అది ఎందుకు దాదాపు లేకుండా పోయిందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగనిది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జీతాల గురించి, పదవుల గురించి ఇందులో ఏమీ ఉండదు. నా గురించి ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. మాది తిరుమలగిరి వైపు ఒకప్పుడు పెద్ద ఇల్లు. భూములు కొన్ని సీలింగులో పోయాయి, కొన్ని మా నాయన పేకాటలో పోయాయి, మిగిలినవి కోర్టు తిన్నది. నాకు బుద్ధి తెలిసేనాటికి మిగిలింది ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు. ఒకరి ముందు చేయి చాచడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. ఇవి ఉద్యోగంలో పనికిరావని పైవాళ్లు నాకు చాలాసార్లు చెప్పారు. వాళ్ల మాట తప్పు. నేను వంగి ఉంటే ఆ మొక్క ఈ రోజు ఎక్కడా ఉండేది కాదు.

దిబ్బ

ఎనభైల మొదట్లో సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. పిల్లలను మొక్కల సేకరణకు మోతె వైపు తీసుకెళ్లినప్పుడు దాన్ని మొదటిసారి చూశాను. రోడ్డుకు దూరంగా ఒక ఎర్ర మొరం దిబ్బ. నీడనిచ్చే చెట్టు లేదు. తంగేడు, బలుసు పొదలు, వాటి మధ్య ఎండిన గడ్డి. తొలకరి అప్పుడే పడింది. ఆ గడ్డిలో ఒక్క ఆకు కూడా లేకుండా నేలలోంచి నేరుగా ఒక కాడ లేచి ఉంది. దానికి పసుపుపచ్చని పూలు, కింది రేక మీద ఊదారంగు గీతలు.

ఆర్కిడ్ అంటే తడి అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగేదని అందరూ అనుకుంటారు. ఇది నేలలో పెరిగేది. ముందు పూస్తుంది, తర్వాత వానల్లో ఆకులు వేస్తుంది, చలికాలానికి ఆకులు ఎండిపోతాయి. మళ్లీ వాన పడేదాకా గడ్డ మాత్రం మట్టిలో నిద్రపోతుంది. నల్లగొండ నేలలో ఇలాంటిది ఉందని అప్పటికి మా కాలేజీలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు.

దిబ్బ అవతలి వాలులో ఒక ఆడమనిషి గడ్డపారతో అదే మొక్కను తవ్వుతోంది. పక్కన సగం నిండిన గోనెసంచి. ఆమె పేరు సక్రి, దగ్గరి తండా ఆమె, ఇంచుమించు నా ఈడుది. ఎందుకు తవ్వుతున్నావని అడిగాను. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"నువ్వు పూలు సూడనీకి వస్తివి దొర. నేను బువ్వకు వస్తి."

నేను ఏ ఇంటివాణ్ణో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిలబడ్డ తీరు చూసి దొర అన్నానని చాలా ఏళ్ల తర్వాత నవ్వుతూ చెప్పింది. ఆ గడ్డలను సాలమిశ్రీ పేరుతో సూర్యాపేటలో ఒక మూలికల దుకాణం కొంటుందట. తవ్వడం ఆపమన్నాను. నేను తవ్వకుంటే ఎల్లుండి ఇంకోడు తవ్వుతడు, నువ్వు దినాం వచ్చి కావలి ఉంటవా అని అడిగింది. ఉండలేను కదా.

ఆమె మీద నాకు కోపం రాలేదు. మరునాడు ఆ దుకాణానికి వెళ్లాను. అక్కడ కూర్చున్నవాడు ఎండిన గడ్డ ఒకటి నా అరచేతిలో పెట్టి, పాలలో మరిగించి తాగితే మగతనం పెరుగుతుందని చెవిలో చెప్పాడు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. చేతగాని నలుగురి పరుపుల కోసం ఒక దిబ్బ దిబ్బంతా ఖాళీ అవుతోంది. తర్వాతి వానలకు వెళ్లి చూస్తే పూలకాడలు సగం కూడా లేవు. కావలి కాయలేను, కొనేవాణ్ణి ఆపలేను. మిగిలిన దారి ఒక్కటే, విత్తనం నుంచి పెంచడం.

ఫ్యాన్

ఆర్కిడ్ విత్తనాన్ని చూడనివాళ్లు దాన్ని విత్తనమని నమ్మరు. పండిన కాయ విప్పితే పిండిలాంటి దుమ్ము. అందులో ప్రతి రేణువూ ఒక విత్తనం. కందిగింజలో, వడ్లగింజలో మొలకకు కావలసిన తిండి గింజలోనే ఉంటుంది. దీనికి ఆ మూట లేదు. మట్టిలో ఒక రకం బూజు ఉంటుంది, కంటికి ఆనీ ఆనని తెల్లటి దారాలు. ఆ దారం విత్తనంలోకి దూరి తిండి అందిస్తేనే అది మొలుస్తుంది. దారం తగలని విత్తనాలన్నీ మట్టిలో మట్టే. ల్యాబులో మనం చేసేది ఆ బూజు చేసే పనే. చక్కెర, ఉప్పులు, కొబ్బరి నీళ్లు కలిపిన జిగురులో విత్తనం వేస్తాం. చిక్కు ఏమిటంటే చక్కెర కనిపిస్తే గాలిలో ఉన్న పనికిమాలిన బూజులన్నీ వచ్చి కూర్చుంటాయి. ఆర్కిడ్ మొలవడానికి నెలలు పడుతుంది, ఆ బూజులకు రెండు రోజులు చాలు.

కాలేజీలో సామాను లేదు. ఇంటి నుంచి ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లాను. దవాఖానలో పారేసే గ్లూకోజు సీసాలు అడిగి కాదు, కొని తెచ్చాను. వడ్రంగి చేత ముందువైపు అద్దం, చేతులు పెట్టడానికి రెండు కంతలు ఉన్న చెక్కపెట్టె చేయించుకున్నాను. ఆ సంవత్సరం దిబ్బ మీద దొరికిన కాయలన్నీ పండేదాకా ఆగి కోసుకొచ్చాను. కిటికీలు మూసి, కాయలను కాగితం మీద విప్పి, విత్తనాన్ని పొట్లాలు కడుతున్నాను. ఉక్కకు చెమట కారుతోంది.

అప్పుడు ప్రిన్సిపాల్ ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని తలుపు తోసుకుని వచ్చాడు.

"గింత ఉక్కల ఎట్ల కూసున్నరు సార్? గాలి ఏసుకోరాదా?"

అంటూనే స్విచ్ వేశాడు. నేను లేచేలోపు ఫ్యాన్ తిరిగింది. ఆ సంవత్సరపు దిబ్బ మొత్తం గది గోడల మీదికి, అతిథుల చొక్కాల మీదికి వెళ్లిపోయింది. నేను మొహం ఎలా పెట్టానో తెలియదు. ఆయన కాగితం వైపు చూసి, ఏం పోయింది సార్, దుమ్మే గద అన్నాడు. అది దుమ్ము కాదని, ఒక ఏడాది పని అని చెప్పాను. ఆయన అతిథుల వైపు తిరిగి నవ్వాడు.

"దొరలు సార్ వీళ్లు. భూములు పోయినయ్ గని దుమ్ము మీద హక్కు పోలే."

అతిథులు కూడా నవ్వారు. మరునాడు ఆయన గదికి వెళ్లి, ఇకముందు నా ల్యాబులోకి ఎవరు వచ్చినా తలుపు కొట్టి, లోపలి నుంచి జవాబు విన్నాకే రావాలని నిలబడే చెప్పి వచ్చాను. దాని ఫలితం వెంటనే కనిపించింది. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లు నా ల్యాబుకు ఒక్క గాజుగొట్టం రాలేదు. మీరు ఈ వృత్తిలోకి వస్తే ఇలాంటి ప్రిన్సిపాళ్లు మీకూ ఉంటారు. తలుపు విషయంలో మాత్రం తగ్గకండి. సామాను లేకుండా పని చేయవచ్చు. మూసి ఉండని తలుపు వెనక ఈ పని చేయలేరు.

ఫ్యాన్ దెబ్బ నాకు ఒకటి నేర్పింది. పండిన కాయ కోసం ఆగకూడదు. కాయ పచ్చిగా, గట్టిగా మూసి ఉన్నప్పుడే కోయాలి. లోపలి విత్తనానికి అప్పటికి ఏ బూజూ అంటి ఉండదు. కాయను పైన బ్లీచింగ్ నీళ్లతో కడిగి, స్పిరిటులో ముంచి, మంట మీద ఒక్కసారి తిప్పి, పెట్టె లోపలే కోసి విత్తనాన్ని నేరుగా సీసాలో వేయాలి. తర్వాతి వానలకు అలాగే చేశాను. చీకటి బీరువాలో పెట్టి నెలల తరబడి సీసాలు చూస్తూ కూర్చున్నాను. చాలా సీసాలు నల్లబూజు పట్టి పోయాయి. మిగిలిన కొన్నింటిలో ఒక పొద్దున జిగురు మీద తెల్లటి బొడిపెలు కనిపించాయి, ఆవగింజ కంటే చిన్నవి. నేను సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాను. ఆ రోజు కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పదగినవాళ్లు లేరు.

ఒక అర

బొడిపెలు ఆకులు వేసి, చిన్న చిన్న మొక్కలయ్యే సమయానికి కాలేజీవాళ్లు నా ల్యాబు గదిని కంప్యూటర్లకు ఇచ్చేశారు. రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నారు. మొక్కలున్న సీసాలు ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే, వరండాలో పెట్టుకోమన్నారు. మే నెలలో, సూర్యాపేటలో, వరండాలో.

ఆ రోజుల్లోనే మిర్యాలగూడలో రైసు మిల్లు ఉన్న శేషగిరిగారు అరటి మొక్కల కోసం కొత్త ల్యాబు కడుతున్నారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మాట తియ్యన, డబ్బున్నవాడు. దాన్ని నడిపే మనిషి కోసం వెతుకుతూ నా దగ్గరికి వచ్చారు. జీతం ఆయన చెప్పిన దానికే ఒప్పుకున్నాను. నా షరతు ఒక్కటే, ఏసీ గదిలో ఒక అర నా ఆర్కిడ్‌లకు. దానికేముందండీ, హైదరాబాదు హోటళ్లకు పూలు కూడా అమ్ముదాం అన్నారాయన. ఇది హోటళ్లలో పెట్టే పువ్వు కాదని అప్పుడే చెప్పాను. విననట్టు నవ్వారు.

అక్కడ పని బాగా సాగింది. నిజం చెప్పాలి, శేషగిరిగారు సామానుకు ఎప్పుడూ లోటు చేయలేదు. గొడవ వచ్చింది దసరాకు. మిల్లులో ఆయుధ పూజ అంటే పెద్ద పండుగ. హల్లర్లు, మోటార్లు, కాటాలు, లారీలు అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి, సాంబ్రాణి పొగ వేసి, కొబ్బరికాయ కొడతారు. ఆ ఊరేగింపు గంట కొట్టుకుంటూ నా కల్చర్ గది దగ్గరికి వచ్చింది. ముందు పూజారి, వెనక శేషగిరిగారు, ఆయన వెనక మిల్లు జనమంతా. లోపల ప్రతి సీసాకూ బొట్టు పెట్టాలట. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. తలుపుకు ఎంత బొట్టైనా పెట్టండి, లోపలికి రానివ్వను అన్నాను.

"అన్నం పెట్టే వస్తువులండీ, మొక్కుకోవద్దా?" అన్నారు శేషగిరిగారు. గొంతులో తియ్యదనం పోయింది.

"వాటి మొక్కు ఈ తలుపు మూసి ఉంచడమే" అన్నాను.

తలుపుకు బొట్టు పెట్టి వెళ్లిపోయారు. సంవత్సరానికి ఒకసారి వచ్చే పండుగనాడు జీతగాడు యజమానిని గుమ్మంలో ఆపాడని మిల్లు అంతా చెప్పుకున్నారు. ఆయన అది మరిచిపోలేదు. మీలో ఎవరైనా ఇది మతం మీద పట్టింపు లేని మనిషి మొండితనం అనుకుంటే అనుకోండి. నేను ఇంట్లో పుస్తకాలకూ కత్తిపీటకూ ఇప్పటికీ పూజ చేస్తాను. పూజ వేరు, గదిలోకి కొబ్బరినీళ్లు చిమ్మడం వేరు. ఆ సీసాల్లో అరటి మొక్కలు పోతే మళ్లీ వస్తాయి. ఆర్కిడ్‌లు ఆ దిబ్బవి, ఆ దిబ్బ ఒక్కటే.

మొరం

సీసాలో బతికిన మొక్క మట్టిలో బతకదు. ఇది నన్ను కొన్నేళ్లు తిప్పింది. కడిగిన ఇసుకలో పెట్టాను, ఉడకబెట్టిన మట్టిలో పెట్టాను, కొబ్బరి పీచులో పెట్టాను. అన్నీ పచ్చగా ఉండి ఉండి ఒక వారంలో కూలిపోయేవి. సీసాలో తిండి నేను పెడుతున్నాను. బయట పెట్టేవాళ్లు లేరు. చివరికి దిబ్బ మీది మొరాన్నే ఉడకబెట్టకుండా, కడగకుండా తెప్పించి ఆకుచెత్తతో కలిపి పెట్టాను. ఆ మొక్కలు నిలబడ్డాయి. చలికాలం ఆకులు ఎండాక జాగ్రత్తగా తవ్వి చూస్తే చిక్కుడుగింజంత గడ్డ, వేళ్ల చుట్టూ సన్నటి తెల్లదారాలు. ఆ దారాల కోసమే ఇన్నాళ్లు తిరిగాను.

మొరం తెచ్చేది సక్రే. మొరం కావాలని కబురు పంపితే సంచి నింపి సూర్యాపేట బస్సు టాపు మీద వేయించుకుని మిర్యాలగూడ దాకా వచ్చేది. కూలి ముందే మాట్లాడుకునేది, ఒక్క రూపాయి తగ్గేది కాదు. వచ్చిన ప్రతిసారీ ఒక మాట అనకుండా వెళ్లేది కాదు. దిబ్బను తవ్వితే అప్పుడు నన్ను తిట్టినవు, ఇప్పుడు కూలిచ్చి మరీ తవ్విస్తున్నవు అనేది. తిట్టలేదన్నా ఒప్పుకునేది కాదు.

మొక్కలు పెరిగేసరికి మిర్యాలగూడలో చోటు చాలలేదు. శేషగిరిగారి అల్లుడు ప్రసాద్‌కు కోదాడ ఇవతల చిలుకూరు వైపు కాలువ కింద పొలం ఉంది. అరటి మొక్కలను నీడకు అలవాటు చేయడానికి అక్కడ షేడ్‌నెట్ కట్టారు. నా కుండీలు కూడా అందులో ఒక పక్కన పెట్టాను. వారానికొకసారి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్లి చూసుకునేవాణ్ణి. ప్రసాద్ వ్యవసాయంలో డిగ్రీ చదివాడు. చెడ్డవాడు కాదు. ఎవరినీ అడగడు, అంతే.

ఆ వానాకాలం సక్రి సంచి లేకుండా వచ్చింది. మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగాక చెప్పింది.

"ఇగ మొరం లేదు దొర. దిబ్బనే లేదు. రోడ్డు ఎడల్పు చేస్తున్నరు గద, మిషన్లు పెట్టి ఎత్తుకపోయిండ్రు. గాడ ఇప్పుడు గుంత. పోరగాళ్లు ఈత కొడుతున్నరు."

గడ్డలు ఏమైనా ఏరావా అని అడిగాను. లారీల్ల పోయినయ్ అన్నది. అప్పుడు నాకు అర్థమైంది. విజయవాడకు వెళ్లే ప్రతి బస్సూ ఆ దిబ్బ మీద నుంచే పోతోంది. నేలమీద ఆ మొక్కలు ఇక లేవు. ఉన్నవి ప్రసాద్ షేడ్‌నెట్ కింద కుండీల్లో, మిర్యాలగూడ అరలో సీసాల్లో. అంతే.

బూజు మందు

ప్రసాద్ పొలానికి అప్పిచ్చిన బ్యాంకువాళ్లు, ఇంకెవరో పెద్దమనుషులు షేడ్‌నెట్ చూడటానికి వస్తామన్నారట. నాకు ఎవరూ చెప్పలేదు. నేను మామూలుగా నా వారానికి వెళ్లేసరికి గేటు దగ్గరే వాసన తగిలింది. వరి పొలాల్లో పెరిగిన ఎవరికైనా తెలిసిన వాసన. కుండీలు నున్నగా కడిగి వరుసగా పెట్టి ఉన్నాయి, సున్నం గీతల మధ్య. మొరం పైన తెల్లటి మందు ఎండి పొక్కులు కట్టి ఉంది.

ప్రసాద్ ఎదురొచ్చాడు. సంతోషంగా ఉన్నాడు.

"మీ కుండీలన్నింటికీ అడుగున బూజు పట్టిందండీ సార్. నేను చూడబట్టి సరిపోయింది. డ్రమ్ముల్లో మందు కలిపి ఒక్కొక్కటి నిండేదాకా పోయించానండీ."

నేను ఒక కుండీ బోర్లించాను. వేళ్ల చుట్టూ దారాలు లేవు. అది బూజే కదా, వాటికి అన్నం పెట్టేది అదే కదా, నా బతుకులో సగం దాన్ని ఆ కుండీలోకి రప్పించడానికే పోయింది కదా అని చెప్పాను. గొంతు ఎత్తలేదు. అతనికి అర్థం కాలేదు. అతని మొహంలో తప్పు చేసిన జాడ లేదు, నేను ఎందుకు మెచ్చుకోవడం లేదన్న ఆశ్చర్యం ఉంది.

"వరిలో అగ్గితెగులు కనపడ్డాక మందు కొట్టకుండా ఉంటామా అండీ?"

ఇది ఈ నేల మీది తప్పు. కోదాడ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కాలువ నీళ్లు పారిన ప్రతి ఊళ్లో వరి మనకు ఒక్కటే నేర్పింది. తెల్లగా కనపడితే మందు. బజారులో పురుగుమందుల దుకాణాలు కిరాణా కొట్ల కంటే ఎక్కువ. చదువురాని రైతు అడిగి కొడతాడు, చదువుకున్నవాడు అడగకుండా కొడతాడు. వరిలో ఆ అలవాటు పంటను కాపాడి ఉండవచ్చు. వరి వరకు నేను దాన్ని తప్పు పట్టను. కానీ వరిలో సరైనది లోకమంతటా సరైనదని నమ్మేవాడి చేతికి ఏ మొక్కనూ ఇవ్వకూడదు. ఇచ్చింది నా పైవాళ్లు. మొక్కలు నావి, తాళంచెవి అతనిది. ఈ వృత్తిలో ఇంతకంటే చెడ్డ ఏర్పాటు లేదు.

పైగా ఆకులు వాడిపోతున్నాయని చలికాలంలో కూడా నీళ్లు పట్టించాడు. గడ్డ నిద్రపోయే కాలంలో నీళ్లు పోస్తే కుళ్లుతుందని గోడ మీద రాసి పెట్టి వచ్చాను. ఆ గోడకు పండుగకు సున్నం వేశారు. తర్వాతి తొలకరికి నేను కుండీలన్నీ తిరగేశాను. ఒక్కో దాంట్లో నల్లటి పొట్టు, కొన్నింట్లో అది కూడా లేదు. ప్రసాద్ పక్కనే నిలబడి, మట్టి బాగోలేదేమోనండీ అన్నాడు. నేను ఖాళీ కుండీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి బస్సుకు వెళ్లిపోయాను. అక్కడే ఉంటే ఇంకేం చేసేవాణ్ణో నాకే తెలియదు.

ఎక్కడా లేనిది

మిర్యాలగూడ తిరిగి వచ్చిన కొద్ది రోజులకు శేషగిరిగారు ల్యాబుకు వచ్చారు. ఈసారి తలుపు కొట్టే వచ్చారు.

"రావుగారూ, అరటికి పెద్ద ఆర్డరు వచ్చిందండీ. సీసాలు చాలటం లేదు. ఆ మూల అరలో ఉన్నవన్నీ రేపటికల్లా కడిగించేయండి."

"ఆ మొక్కలు ఇంకెక్కడా లేవు" అన్నాను.

"ఎక్కడా లేనివి ఎవరికి కావాలండీ? నాలుగు చోట్ల ఉంటే కదా కొనేవాడుండేది."

నేను ఆ మాట గురించి చాలా ఏళ్లు ఆలోచించాను. దాంట్లో ద్వేషం లేదు. ఆయన వ్యాపారి, ఆయనకు అది లెక్క. మన దేశంలో మొక్కలు, పక్షులు, భాషలు, కళలు ఏవి పోయినా ఆ లెక్క ప్రకారమే పోతున్నాయి. ఆ లెక్క వేసేవాళ్లు మంచి మాట తీరు ఉన్నవాళ్లే, కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టేవాళ్లే.

సీసాలు రేపటికి కడిగి ఇస్తానని, మొక్కలు నాతో తీసుకుపోతానని చెప్పాను. మా ఏసీలో పెరిగాయి కదండీ, అవి మావి కాదా అన్నారాయన. గొంతులో దసరానాటి ధ్వని వచ్చింది.

"సీసాలు మీవి, కరెంటు మీది, జీతం మీరిచ్చింది. ఆ కాయలు మాత్రం మీ మిల్లులో కాయలేదు" అన్నాను.

వెళ్లేటప్పుడు మీ ఇష్టం అన్నారు. ఉద్యోగం గురించి ఆయన చెప్పనక్కర లేకపోయింది, నేను అడగనక్కర లేకపోయింది. ఆ మధ్యాహ్నం నేనే ఒక్కొక్క సీసా విప్పి, మొక్కలను సన్నటి పట్టకారుతో బయటికి తీసి, వేళ్లకు అంటిన జిగురంతా గోరువెచ్చని నీళ్లలో కడిగి, తడి పంచెలో వరుసగా పరిచి చుట్టాను. సీసాలు శుభ్రంగా కడిగి బోర్లించాను. ఒక్కటి కూడా పగలలేదు, ఒక్కదానిమీద మరక లేదు. నా గురించి తర్వాత ఆ మిల్లులో ఏమైనా చెప్పుకుని ఉండవచ్చు, సీసాల గురించి మాత్రం చెప్పుకోవడానికి ఏమీ మిగల్చలేదు.

చేత్తో

మొక్కలు చేతిలో ఉన్నాయి, నేల లేదు. తడి పంచెలో అవి రెండు మూడు రోజుల కంటే ఎక్కువ ఉండవు. దిబ్బ పోయింది. అలాంటి మట్టి, అలాంటి దారాలు ఉన్న చోటు నాకు తెలిసి ఇంకొకటి లేదు. నేను సక్రి దగ్గరికి వెళ్లాను.

సంగతి విన్నాక ఆమె పంచె విప్పి వేళ్లు చూసి మళ్లీ చుట్టింది. తర్వాత తన తల్లిగారి తండా పేరు చెప్పింది. అక్కడ చచ్చినవాళ్లను పూడ్చే వాళ్ల బొందలగడ్డ ఉంది, అదీ మొరం నేలే, వెనకట అక్కడా ఈ పూలు పూసేవి, తవ్వి తవ్వి లేకుండా చేసిందీ తామేనని చెప్పింది. మట్టి కోసం మిషను వస్తే తండా ఆడవాళ్లంతా బొందల మీద కూర్చున్నారట. మిషను వెనక్కి పోయిందట. ఆ మట్టిని మనిషి గానీ మిషను గానీ ముట్టరు.

మరునాడు ముసురు పడుతుండగా ఇద్దరం వెళ్లాం. తండా పెద్దమనుషులతో ఆమే మాట్లాడింది, వాళ్ల భాషలో. నేను దూరంగా నిలబడ్డాను. నా చిన్న పార నా చేతిలో ఉంది. ఆమె వచ్చి మొదట దాన్ని తీసుకుంది.

"గీడ మా అమ్మ పండుకున్నది. పక్కపొంటి పెట్టుకో, గని పార తగలొద్దు. చేత్తోనే తియ్యాలె. కంచె గిట్ల, బోర్డు గిట్ల పెడితే పీకేస్తరంట. నువ్వు పెట్టినయి మేం తవ్వం. నువ్వు గూడ మళ్ల తవ్వుకపోవద్దు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. నా బతుకులో ఇంకొకరు పెట్టిన షరతులన్నింటికీ ఒకేసారి తలూపింది అప్పుడే. నా మీద ఎవరూ గెలవలేదు, న్యాయమైన షరతులు కాబట్టి ఒప్పుకున్నాను.

తడిసిన మొరాన్ని వేళ్లతో గీరి, ఒక్కొక్క మొక్కను పెట్టుకుంటూ పోయాను. గోళ్లు చిట్లాయి. సక్రి కొంగు నెత్తిన వేసుకుని రాళ్లు ఏరి అవతల పడేస్తూ నా వెనకే వచ్చింది. ఒకచోట ఆగి నవ్వింది.

"మీ తాతలకు మావోళ్లు బర్లు కాసిండ్రు దొర. ఇప్పుడు నీ గడ్డిని మా సచ్చినోళ్లు కాస్తరు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఉన్న కోపమంతా మిర్యాలగూడలో, కోదాడలో ఖర్చయింది. కాయనీ అన్నాను. ఆమె మళ్లీ నవ్వి రాళ్లు ఏరుకుంటూ పోయింది.

ఆ చలికాలం అన్నీ ఎండిపోయాయి. అలాగే ఎండాలి. తర్వాతి వానలకు వెళ్లి చూస్తే కొన్నిచోట్ల ఆకులు వచ్చాయి, ఎక్కువచోట్ల రాలేదు. ఆ తర్వాత కొన్నేళ్లు ఆకులే. ఒక సంవత్సరం తొలకరికి వెళ్లాను. గడ్డిలో, ఆకు లేకుండా, ఒక కాడ. పసుపుపచ్చని పూలు, కింది రేక మీద ఊదారంగు గీతలు. కాసేపు అక్కడే నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. తర్వాతి సంవత్సరాల్లో కాడలు పెరిగాయి. నేను పెట్టని చోట్ల కూడా కనిపించాయి. అంటే కాయలు పండి, పగిలి, ఆ దుమ్ము గాలికి ఎగిరి, ఏదో దారం తగిలి మొలిచింది. అందులో నా సీసా లేదు, నా చక్కెర లేదు.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. ఈ మధ్య పెద్ద చదువులవాళ్లు ఇద్దరు కారులో వచ్చారు. ఫొటోలు చూపించాను. ఆ తండా ఎక్కడని అడిగారు. చెప్పలేదు. దేశానికి తెలియాల్సిన సంగతి దాస్తున్నానని కోప్పడ్డారు. దేశానికి మోతె దిబ్బ కూడా తెలుసు, రోడ్డు వేయడానికి. మీడియం కావాలా, రాసి ఇస్తాను. పచ్చికాయ కోసే రోజు ఎలా గుర్తుపట్టాలో నేర్పుతాను. సీసా మొక్కను మట్టిలో ఎలా నిలబెట్టాలో కూర్చోబెట్టి చూపిస్తాను. నాకు తెలిసిందంతా మీది. ఆ చోటు మాత్రం అడగవద్దు. పెద్ద ల్యాబు కట్టుకున్నాక, తాళంచెవి మీ దగ్గరే ఉన్నాక, మీ ప్రసాదులను మీరే గుమ్మంలో ఆపగలిగాక కూడా అడగవద్దు.

నా మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. బస్సెక్కి వెళ్లగలను. అయినా కొన్ని తొలకరుల నుంచి వెళ్లడం మానేశాను. ఒకే మనిషి ఏటా ఒకే చోటికి నడిస్తే గడ్డిలో దారి పడుతుంది.